రాలిన ఆకుల లెక్క

పూతలపట్టు దగ్గర ఒక పల్లె. చెరువు కింద వరి కయ్యలు, మిట్టన చెరకు తోటలు, కట్ట పొడుగునా కానుగ చెట్లు. నాట్లకు ముందు ఆ కానుగాకు తెచ్చి కయ్యల్లో తొక్కడం తాతల నాటి అలవాటు. ఆ ఊళ్లో బెల్లం గానుగ నడిపే పెద్దాయన మనవరాలు తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం చదివింది. పరిశోధనకు తన ఊరి చెరువు కట్టనే ఎంచుకుంది.

చెట్ల కింద వలలు కట్టింది. వాటిలో రాలిన ఆకు, పుల్ల, పూత నెలనెలా వేరుచేసి, ఎండబెట్టి తూచేది. కొంత ఆకును సన్నని వలసంచుల్లో కుట్టి మట్టిలో పూడ్చి, ఎన్నాళ్లకు ఎంత కుళ్లిందో చూసేది. కట్ట మట్టి, కయ్య మట్టి పొట్లాలు కట్టుకుని బస్సెక్కేది. చదువుకున్న పిల్ల చెత్త తూస్తా ఉందని ఊరంతా నవ్వింది.

ఏడాది తిరిగాక తాత అడిగాడు. "ఏమ్మా, ఏమన్నా తేలిందా?"

"ఇంకా లేదు తాతా. వాన పడిన ఏడు ఒక తీరు, పడని ఏడు ఒక తీరు. రెండూ చూడాల."

రెండో ఏడూ అదే ప్రశ్న, అదే జవాబు.

మూడో ఏడు ఒక వ్యాపారి వచ్చాడు. కట్ట మీది రెమ్మలు, కింద రాలిన ఆకు అంతా తూకానికి కొంటానన్నాడు. పొడి చేసి, అచ్చుల్లో ఒత్తి, బొగ్గుకు బదులు ఫ్యాక్టరీలకు అమ్ముతాడట. రచ్చబండ దగ్గర ఊరు కూడింది.

"కాయలు అమ్ముకోండి, ఆకు మాత్రం అమ్మద్దండి" అంది ఆ పిల్ల.

"ఎంత అమ్మితే ఏమవుతుందో చెప్పగలవా?"

"ఇప్పుడే చెప్పలేను. లెక్క ఇంకా పూర్తి కాలేదు."

పూర్తికాని లెక్కను నమ్మి చేతికొచ్చే డబ్బు ఎవరు వదులుకుంటారు? ఆకు అమ్మేశారు. రెండేళ్లు బాగానే గడిచింది. తరవాత కయ్యలకు యూరియా మూటలు పెంచాల్సి వచ్చింది. కార్తీక మాసం తుపాను వానకు, ఆకు కప్పు లేని కట్ట గండ్లుగా కోసుకుపోయి మట్టంతా చెరువులో పడింది. ధర తగ్గగానే వ్యాపారి ఇటు రావడం మానేశాడు.

అప్పుడు పెద్దమనుషులు మనవరాలి దగ్గరికి వచ్చారు. ఆమె ఐదేళ్ల పుస్తకాలు ముందు పెట్టింది. ఏ నెలలో ఎంత రాలింది, అందులో ఎంత నేల తిన్నది, ఎంత తీస్తే ఓర్చుకుంటుంది, ఎక్కడ దాటితే ఓర్చుకోదు అన్నీ అందులో ఉన్నాయి. మండించవద్దని ఆమె అనలేదు. గింజ ఆడించి ఆ నూనెతో మోటారు తిప్పుకోమంది, చెక్క మళ్లీ కయ్యలో వేయమంది.

తాత చాలాసేపు ఆలోచించాడు. "నలభై ఏండ్లుగా చెరకు పిప్పి పెనం కింద పెడతా ఉండా. బూడిద మాత్రం తోటకే చల్లతా. నేను అలవాటుగా చేసేది నువ్వు లెక్క కట్టి చెప్తా ఉండావు. నిన్ను ముందే అడిగుంటే బాగుండేది."

"ముందే అడిగినారు తాతా. జవాబు వచ్చేదాకా ఆగలేదు, అంతే."

నీతి: మనం పొయ్యిలో పెట్టాలనుకునే ప్రతి ఆకునూ నేల అప్పటికే దేనికో వాడుకుంటూ ఉంటుంది. ఆ వాడకం ఎంతో కొలవడానికి ఏళ్లు పడుతుంది. అవసరం వచ్చాక మొదలుపెట్టిన కొలత అక్కరకు రాదు.

ఇది ఒక్క పల్లె కథే కాదు. 2003లో ప్రణాళికా సంఘం కమిటీ అడవి ఆముదంతో బయోడీజిల్ అంది. 2009 జాతీయ విధానం 2017 నాటికి డీజిల్‌లో 20 శాతం బయోడీజిల్ కలపాలని గురిపెట్టింది. మెట్ట భూములను బీళ్లు అన్నారు, అక్కడ మేకలు మేస్తున్న సంగతి పట్టించుకోలేదు. మేలురకం విత్తనం కూడా లేని అడవి మొక్క అది. నీళ్లు లేని నేలలో చెప్పినంత కాపు ఇవ్వలేదు. 2018 విధానం వచ్చేసరికి బయోడీజిల్ గురి 2030కి 5 శాతానికి దిగింది. ముందు నాటి తరవాత కొలిచినందువల్ల జరిగిన నష్టమిది, దీన్ని మొక్క మీదకు నెట్టడం న్యాయం కాదు. అమెరికాలో 2008లో ఫార్జియోన్ అనే శాస్త్రవేత్త బృందం లెక్కగట్టింది: అడవులు, గడ్డినేలలు కొట్టి ఇంధన పంటలు వేస్తే, ఆ ఇంధనం ఏడాదికి ఆదా చేసే కర్బనానికి 17 నుంచి 420 రెట్లు ముందే గాలిలో కలుస్తుంది.

లెక్క చూసుకుని చేస్తే మేలూ ఉంది. అప్పటి ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడ మహిళలు కానుగలు పెంచి, గింజల నూనె తీసి, 2003లో 147 టన్నుల కర్బన తగ్గింపును ప్రపంచ బ్యాంకుకు అమ్మారు.

ఇలాంటి లెక్కలు ఒక మనిషి చదువుకాలంలో తేలవు. అమెరికాలోని హబ్బర్డ్ బ్రూక్ అడవిలో 1963లో మొదలైన కొలతల వల్లే అక్కడ ఆమ్ల వర్షం సంగతి బయటపడింది. మన పక్కనే ముదుమలై అడవిలో 1988 నుంచి 50 హెక్టార్లలో చెట్టుచెట్టునూ కొలుస్తున్నారు. మన దగ్గర పరిశోధక విద్యార్థికి ఫెలోషిప్ ఐదేళ్లే. అది అయిపోగానే వలలు విప్పేసుకుని, ఉద్యోగం వెతుక్కుంటూ వెళ్లాలి.

తిరుపతి శేషాచలం కొండ 2010లో జీవావరణ రక్షిత ప్రాంతమైంది. దాని పాదాల దగ్గర 1954 నాటి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది, 2015లో వచ్చిన ఐసర్, ఐఐటీ ఉన్నాయి. ఈ మూడూ కలిసి కొండ మీద, చిత్తూరు చెరువు కట్టల మీద కొన్ని శాశ్వత కొలత స్థలాలు పెట్టాలి. ఒక విద్యార్థి వదిలిన పుస్తకం తరవాతి విద్యార్థి అందుకునేలా, వాళ్ల జీతాలకు ముప్పై ఏళ్లపాటు ఆగని పద్దు ఒకటి ప్రభుత్వం రాయాలి.