తేలే దీవి, ఆరని మంట

హిమాచల్‌లోని బగ్గీ ఊరు దాటగానే బాట దేవదారు చెట్ల మధ్యకు తిరిగి పైకి లేస్తుంది. అక్కడి నుంచి పరాశర సరస్సుకు ఏడెనిమిది కిలోమీటర్ల నడక. ఏప్రిల్ చివర ఒక ఉదయం ఆ దారిన ఒక తెలుగు కుటుంబం వెళ్తోంది. ముందు కొడుకు, వాడికి యాభై అడుగుల వెనక తండ్రి, ఇంకా వెనక పదేళ్ల కూతురి చెయ్యి పట్టుకుని తల్లి. కొడుకు చదివేది కమాంద్‌లో, ఐఐటీ మండిలో. ముందురోజు సాయంత్రం హాస్టల్ స్నేహితులంతా ఉండగానే తండ్రి మార్కుల సంగతి ఎత్తాడు. అంతే, అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. నీళ్ల సీసా కావాల్సినా కుర్రాడు చెల్లెలి చేత అడిగిస్తున్నాడు.

తాతయ్య మాత్రం మోకాళ్ల పేరు చెప్పి కారెక్కేశాడు. మండి నుంచి సరస్సు దగ్గరికి ఇప్పుడు 49 కిలోమీటర్ల రోడ్డుంది.

రోడ్డున్నా నడిచే వెళ్లాలనిపించే చోటు ఇది. అడవి అయిపోయి గడ్డి మైదానం మొదలవుతుంది. ఎంత నడిచినా సరస్సు జాడ ఉండదు. చివరి గట్టెక్కాక, కిందనున్న గిన్నెలాంటి పల్లంలో ఒక్కసారిగా ప్రత్యక్షమవుతుంది. ఎత్తు 2,730 మీటర్లు. ఒడ్డున మూడంతస్తుల కప్పుతో పగోడాలాంటి కొయ్యగుడి, అందులో పరాశర మహర్షి. మండి రాజు బాణసేనుడు కట్టించాడని చెబుతారు. గుడి కలపంతా ఒకే దేవదారు చెట్టుదని స్థానికుల నమ్మకం. నీళ్ల మీద గుండ్రటి గడ్డిదీవి ఒకటి తేలుతుంటుంది. వేళ్లూ గడ్డీ అల్లుకుని చాపలా తయారైన నేల అది. నిన్న ఈ ఒడ్డున ఉన్నది రేపు ఆ ఒడ్డుకు చేరవచ్చు.

పరాశరుడి కొడుకు వ్యాసుడు పుట్టింది యమునలోని దీవిలో. అందుకే ఆయన ద్వైపాయనుడు. తండ్రి పేరున్న సరస్సులోనూ ఒక దీవి ఉండటం ఎవరి ఏర్పాటో గానీ, చూసినవాళ్లకు ఆ పేరు గుర్తురాక మానదు.

మధ్యాహ్నం దాబాలో రాజ్మా అన్నం తిన్నారు. తాతయ్య సంచిలోంచి ఆవకాయ సీసా పైకి తీశాడు. నూనె కారకుండా మూతకు పాలిథీన్ కాగితం చుట్టి, రెండు రబ్బరు బ్యాండ్లు బిగించి ఉంది. మనవడు మారుమాట్లాడకుండా పళ్లెం ముందుకు జరిపాడు. ఊట కలుపుకుంటుంటే తాతయ్య అడిగాడు: “పొద్దున మీరు దాటొచ్చిన నది పేరేంట్రా?”

“బియాస్.”

“పాత పేరు?”

వాడికి తెలీదు. విపాశ. పాశాలు విప్పినది.

ఆ పేరు వెనక వసిష్ఠుడున్నాడు. మహాభారతం ఆదిపర్వంలోని ఈ కథను నన్నయ కూడా తెలుగులో చెప్పాడు. రాక్షసుడు ఆవహించిన కల్మాషపాదుడనే రాజు వసిష్ఠుడి నూరుగురు కొడుకులనూ తినేశాడు. పెద్దవాడు శక్తితోనే మొదలుపెట్టాడు. దుఃఖం ఓర్వలేక వసిష్ఠుడు మేరుపర్వతం మీంచి దూకాడు, నిప్పుల్లోకి నడిచాడు. ఏదీ ఆయన్ను తీసుకోలేదు. చివరికి ఒళ్లంతా తాళ్లతో కట్టుకుని నదిలో పడితే, నది ఆ కట్లు తెంపి ఒడ్డుకు చేర్చింది. ఆశ్రమానికి తిరిగి వస్తుంటే వెనక నుంచి వేదం చదువుతున్న గొంతు వినబడింది. కోడలు అదృశ్యంతి కడుపులోని బిడ్డ చదువుతున్నాడు. వంశం మిగిలిందని తెలిశాక ఇక చావు మాట ఎత్తలేదు.

పుట్టిన పరాశరుడు తాతనే నాన్నా అని పిలిచేవాడు. ఒకరోజు తల్లి కన్నీళ్లతో అసలు సంగతి చెప్పింది. పిల్లవాడు లోకాలన్నిటినీ కాల్చేస్తానని లేచాడు.

శాంతం గురించి ఉపదేశాలకు మనకు కొదవ లేదు. ఏమీ పోగొట్టుకోనివాడు చెప్పే శాంతం చెవికెక్కదు. ఇక్కడ ఆపుతున్నవాడు నూరుగురిని పోగొట్టుకున్న తాత. ఆయన కోపం తప్పని కొట్టిపారేయలేదు, ఔర్వుడి కథ చెప్పాడు. తనవాళ్లను చంపినవారి మీద ఔర్వుడు పెంచుకున్న కోపాన్ని పితృదేవతలు సముద్రంలో విడిచిపెట్టమన్నారు. అదే బడబాగ్ని. నీళ్లలో ఉంది, ఆరిపోలేదు.

పరాశరుడు లోకాలను వదిలాడు గానీ రాక్షసులను వదల్లేదు. సత్రయాగం మొదలుపెట్టి ఒక్కొక్కరినే అగ్నికి ఆహుతి చేశాడు. పులస్త్యుడు వచ్చి, తప్పు చేయనివాళ్లు కూడా కాలిపోతున్నారని అడ్డుపడ్డాడు. యాగం ఆగింది. ఆ అగ్నిని హిమవంతానికి ఉత్తరాన మహారణ్యంలో విడిచారు. పర్వదినాల్లో అది ఇప్పటికీ చెట్లనూ రాళ్లనూ తింటూ కనబడుతుందని భారతం చెబుతుంది. ఇక్కడా మంటను ఎవరూ ఆర్పలేదు. మనుషులకు దూరంగా ఒకచోట పెట్టారు, అంతే. పురాణకర్తవు కమ్మని పులస్త్యుడిచ్చిన వరంతోనే పరాశరుడు మైత్రేయుడికి విష్ణుపురాణం చెప్పాడు. దాన్ని వెన్నెలకంటి సూరన తెలుగు చేశాడు.

“అయితే ఆ మంట ఇప్పుడెక్కడుంది తాతయ్యా?” చిన్నది అడిగింది. తాతయ్య మంచుకొండల వైపు చెయ్యి చూపించాడు. ఆ పిల్ల కళ్లు చికిలించి చాలాసేపు చూసింది. మేఘం తప్ప ఏమీ కనబడలేదు.

ఇదే మండి జిల్లాలో కమ్రూనాగ్ సరస్సు ఉంది. భక్తులు మొక్కు తీర్చుకుంటూ బంగారం, వెండి, డబ్బులు నీళ్లలోకి వేస్తారు. మరి ఇక్కడేం వెయ్యాలని తల్లి ఆరా తీసింది. ఏమీ వెయ్యక్కర్లేదని దాబా అతను నవ్వాడు. చెప్పులు గుడి బయట విప్పితే చాలట. తండ్రి బూటు లేసు తడిసి ముడి బిగుసుకుపోయింది. ఎంతకీ రాకపోతే కొడుకు వంగి, గోటితో ముడి విప్పి, లేచి గుళ్లోకి వెళ్లిపోయాడు.

నాలుగవుతుంటే చలిగాలి మొదలైంది. గడ్డిదీవి పొద్దుటి చోట లేదు, గుడి వైపు కాస్త జరిగినట్టుంది. దిగేటప్పుడూ కొడుకే ముందు, తండ్రి వెనక. యాభై అడుగుల ఎడం పదడుగులైంది. నీళ్ల సీసా ఇంకా చెల్లెలి చేతుల మీదుగానే వస్తోంది.