పంటి పింగాణీ కూడా అమానతే



ఉమ్మత్‌కు కష్టమవుతుందన్న ఆలోచన లేకపోతే ప్రతి నమాజ్ వేళా మిస్వాక్ చేయమని ఆజ్ఞాపించి ఉండేవాడినని దైవప్రవక్త (స) తెలియజేశారు. బుఖారీ, ముస్లిం రెండు గ్రంథాలలోనూ ఈ హదీసు ఉంది. అయినా ఎంతో శ్రద్ధగా పళ్లు తోముకునే ఇళ్లలో కూడా కొందరికి చల్లని నీరు తగిలితే చాలు, పళ్లు జివ్వుమంటున్నాయి. చాలామంది విషయంలో దీనికి కారణం పాచి కాదు, పులుపు.

పంటి మీద తెల్లగా మెరిసే పై పొరను పింగాణీ అంటారు. దేహంలో ఎముక కన్నా గట్టి పదార్థం ఇదే. బరువులో దాదాపు 96 శాతం ఖనిజం. కాని ఇందులో జీవకణాలు లేవు. విరిగిన ఎముకను అల్లాహ్ అతికిస్తాడు, తెగిన చర్మాన్ని మాన్పుతాడు. అరిగిపోయిన పింగాణీ మాత్రం తిరిగి రాదు. నోటిలో ఆమ్లత్వాన్ని కొలిచే పి.హెచ్. సుమారు 5.5 కన్నా తగ్గితే ఈ ఖనిజం కరగడం మొదలవుతుంది. నిమ్మరసం పి.హెచ్. 2, 3 మధ్య ఉంటుంది. కోలా పానీయాలదీ దాదాపు అంతే. తీపి తిన్నప్పుడు సూక్ష్మజీవులు ఆమ్లం తయారుచేసి పన్ను పుచ్చేలా చేయడం వేరే జబ్బు. ఇక్కడ ఆమ్లమే నేరుగా పంటిని తాకుతుంది. కనుక చక్కెర లేని కోలా తాగుతున్నాం కదా అని నిశ్చింతగా ఉండటానికి వీల్లేదు.

ఈ పులుపును విరిచే ఏర్పాటును అల్లాహ్ నోటిలోనే చేశాడు. లాలాజలం ఆమ్లాన్ని కడిగివేస్తుంది, మెత్తబడిన పొరను మెల్లగా తిరిగి గట్టిపరుస్తుంది. అందుకు దానికి కొంత సమయం కావాలి. రమజాన్ సాయంత్రం ఉపవాసి నోరు ఎండిపోయి ఉంటుంది. సరిగ్గా అప్పుడే మనం నిమ్మ షర్బత్‌తోనో సోడాతోనో ఇఫ్తార్ మొదలుపెడతాం. ఆ వెంటనే మగ్రిబ్ జమాఅత్ అందుకోవాలని బ్రష్ పట్టి గబగబా రుద్దేస్తాం. మెత్తబడిన పొర ఆ రాపిడికి లేచిపోతుంది.

దైవప్రవక్త (స) తాజా ఖర్జూరాలతో, అవి లేకపోతే ఎండు ఖర్జూరాలతో, అవీ లేకపోతే కొన్ని గుక్కల నీటితో ఉపవాసం విరమించేవారని హజ్రత్ అనస్ (రజి) తెలిపారు. ఆ సున్నత్ పళ్ల కోసమే వచ్చిందని నేను అనను. ప్రతి సున్నత్‌కూ ఒక వైద్య రహస్యం అంటగట్టే అలవాటు మనకు మంచిది కాదు. ఖర్జూరం, నీళ్లు ముందు తీసుకుని, షర్బత్‌ను భోజనంతో పాటు తాగితే పళ్లకు మేలన్నది మాత్రం నిజం. పుల్లటి పానీయాన్ని గంటల తరబడి చప్పరించడం కన్నా ఒకేసారి తాగేయడం నయం.

"అయితే మిస్వాక్ మానమంటారా?" అని ఎవరైనా అడగవచ్చు. అల్లాహ్ కాపాడుగాక, ఆ మాట ఎవరంటారు? వేళ చూసుకోమంటున్నాం, అంతే. హనఫీ మజ్హబ్‌లో ఉపవాస స్థితిలో రోజంతా మిస్వాక్ చేయవచ్చు కనుక అస్ర్ వుజూలో చేసుకోండి. మధ్యాహ్నం తర్వాత మక్రూహ్ అనే షాఫయీ సోదరులు ఉదయమే చేసుకుంటారు. మగ్రిబ్ వుజూలో మూడుసార్లు పుక్కిలించడం ఎలాగూ ఉంది, ఆ నీటిని నోరంతా బాగా తిప్పండి. పులుపు తర్వాత కనీసం అరగంట, వీలైతే గంట ఆగి తోముకోమని దంత వైద్యులు చెబుతారు. ఇషా వుజూ నాటికి ఆ గడువు ఎలాగూ గడిచిపోతుంది.

తోమే తీరు కూడా ముఖ్యమే. దైవప్రవక్త (స) చివరి ఘడియల్లో అబ్దుర్రహ్మాన్ బిన్ అబూబక్ర్ (రజి) చేతిలోని మిస్వాక్ వైపు చూశారు. హజ్రత్ ఆయిషా (రజి) దానిని తీసుకుని, నమిలి మెత్తపరచి అందించారు. మరి మనం? గట్టి పుల్లతో, బొగ్గుపొడితో బలమంతా పెట్టి రుద్దుతాం. పళ్లు తెల్లబడాలని నిమ్మచెక్కకు ఉప్పు అద్ది తోమే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆ తెలుపు నాలుగు రోజులే. పింగాణీ పలచబడ్డాక కింది పసుపు పొర బయటపడి పళ్లు మరింత పచ్చగా కనిపిస్తాయి.

కడుపులో నుంచి వచ్చే ఆమ్లం నిమ్మరసం కన్నా ఘాటైనది. సహరీ తినగానే పడుకుని, పుల్లటి తేన్పులతో బాధపడేవారు ఇది గుర్తుంచుకోవాలి. గర్భిణులకు వాంతి అయితే వెంటనే బ్రష్ ఇవ్వకండి. నోరు వాసన వస్తుందని అత్తగార్లు తొందరపెట్టవద్దు. ఒక గ్లాసు నీళ్లిచ్చి పుక్కిలించమనండి, కాసేపు కూర్చోనివ్వండి.