మరణించిన వ్యక్తి మోటారు సైకిలు ఎవరి సొత్తు?

మాకు పరిచయమున్న ఒక సోదరుడు ఆ మధ్య ఒక సందేహంతో వచ్చారు. వారి వీధిలో ఒక యువకుడు గుండెపోటుతో మరణించాడు. అతని స్ప్లెండర్ బండి నెల రోజులుగా వాకిట్లో పాత దుప్పటి కింద నిలబడి ఉంది. మృతుని అన్నగారు దాన్ని పదిహేను వేలకు ఇచ్చేస్తానన్నాడట. బజారులో అలాంటి బండి ఇరవై నాలుగు వేలు పలుకుతోంది. “అమ్మేవాడు ఇష్టపడే అమ్ముతున్నాడు, నేను ఇష్టపడే కొంటున్నాను. ఇందులో తప్పేముంది?” అన్నది ఆయన ప్రశ్న.

పరస్పర అంగీకారంతో జరిగే వ్యాపారాన్ని దివ్యఖుర్ఆన్ (4:29) ధర్మసమ్మతం చేసిన మాట నిజమే. అయితే ఇక్కడ అంగీకరించవలసిన వారు ఎవరు? మనిషి కన్ను మూసిన క్షణం నుంచే అతని సొత్తు అతనిది కాకుండా పోతుంది. కఫన్, దఫన్ ఖర్చులు, అప్పులు, వసీయత్ పోగా మిగిలినదంతా వారసులది. (అప్పుల జాబితాలో మనవాళ్ళు తరచూ మరచిపోయేది మహర్. భార్యకు చెల్లించకుండా మిగిలిపోయిన మహర్ కూడా మృతుని మీద అప్పే.)

ఆ యువకునికి తండ్రి లేడు. తల్లి, భార్య, పదేళ్ళలోపు కొడుకు ఒకడు, కూతుళ్ళు ఇద్దరు ఉన్నారు. అప్పులేమీ లేవు. కొడుకు ఉన్నప్పుడు అన్నకు వారసత్వంలో వాటా రాదు. అంటే బేరమాడుతున్న వ్యక్తికి ఆ బండిలో ఒక్క పైసా కూడా లేదన్నమాట! బండి 24,000 రూపాయలకు అమ్మితే అన్నిసా సూరా 11, 12 ఆయతుల ప్రకారం తల్లికి ఆరో వంతు 4,000, భార్యకు ఎనిమిదో వంతు 3,000 వస్తాయి. మిగిలిన 17,000లో అబ్బాయికి 8,500, అమ్మాయిలకు చెరొక 4,250. అదే పదిహేను వేలకు అమ్మితే తగ్గే తొమ్మిది వేలలో 6,375 రూపాయలు ఆ ముగ్గురు పిల్లలవి.

తల్లి, భార్య వయోజనులు. అసలు ధర తెలిసి, మనస్ఫూర్తిగా తమ వాటా మేరకు తగ్గించుకుంటే అది వారి ఇష్టం. పిల్లల వాటాను వదులుకునే హక్కు మాత్రం వారిలో ఎవరికీ లేదు, పెదనాన్నకు అసలే లేదు. అనాథల సొమ్మును అన్యాయంగా తినేవారు తమ కడుపులను అగ్నితో నింపుకుంటున్నారని అదే సూరా (4:10) హెచ్చరిస్తోంది. ఆ హెచ్చరిక సంరక్షకునికే గాని కొనేవానికి కాదని మనం అనుకోగలమా? విషయం తెలిశాక కొన్నవాడు ఆ భోజనంలో భాగస్థుడు కాడా?

హజ్రత్ జరీర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) కోసం ఆయన సేవకుడు ఒక గుర్రాన్ని మూడు వందల దిర్హములకు బేరమాడి తెచ్చాడు. గుర్రాన్ని చూసిన జరీర్ (రజి), అమ్మేవానితో “నీ గుర్రం అంతకంటే ఎక్కువ విలువైనది” అని చెప్పి, తానే ధర పెంచుతూ పోయి చివరికి ఎనిమిది వందలు చెల్లించారు. ప్రతి ముస్లిం మేలు కోరతానని తాను దైవప్రవక్త (సఅసం) చేతిలో చేయి వేసి ప్రమాణం చేశానన్నది ఆయన చెప్పిన కారణం. ఆ అమ్మకందారు వయోజనుడు, తన సొంత గుర్రాన్నే అమ్ముకుంటున్నాడు. అయినా ఆయన అతని అమాయకత్వాన్ని లాభం చేసుకోలేదు.

మరో దురలవాటు కూడా ఉంది. “చచ్చిపోయినవాడి బండి, ఎవరు ఎక్కుతారమ్మా?” అని ధర విరగ్గొట్టడం. అపశకునాలను దైవప్రవక్త (సఅసం) తోసిపుచ్చారు. మనం నమ్మకూడని మూఢనమ్మకాన్ని వితంతువు ముందు బేరానికి వాడుకోవడం సిగ్గుచేటు. పైగా ఆమె ఇంకా ఇద్దత్‌లో, నాలుగు నెలల పది రోజుల గడువులో ఉంది. ఇల్లు చేరి బేరాలాడకుండా ఆమె పుట్టింటివారి ద్వారా మాట్లాడటం మర్యాద.

ఇక కాగితాల సంగతి. యజమాని మరణించిన 30 రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలియజేసి, మూడు నెలల్లోగా ఫారం 31తో బండిని వారసుని పేరుకు మార్పించుకోవాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. ఆ తర్వాతే అమ్మకం. ఈ శ్రమ ఎందుకని కొందరు బ్రోకర్లు మృతుని సంతకాన్ని వారే పెట్టేస్తుంటారు. చనిపోయిన మనిషి చేత అబద్ధమాడించడమే కదా అది! ఆర్‌సీలో నామినీ పేరు రాయించుకునే వీలు 2021లో వచ్చింది గాని, నామినీ అయినంత మాత్రాన షరీఅత్ దృష్టిలో మిగతా వారసుల వాటాలు రద్దు కావు.

ఆ సోదరుడు రెండు రోజులు ఆలోచించారు. ఇద్దరు మెకానిక్కులకు బండి చూపించి ధర కట్టించారు. బ్యాటరీ, టైర్ల ఖర్చు తీసివేస్తే ఇరవై రెండు వేలన్నారు. ఆ మాట పిల్లల నాయనమ్మకు, మేనమామకు విడమరచి చెప్పారు. పెదనాన్న కొంచెం ముఖం ముడుచుకున్నాడట. బండి ఆ అమ్మాయి పేరుకు మారాక, మస్జిద్ ఇమాం గారి ఎదుట సొమ్ము లెక్కపెట్టి, ఎవరి వాటా వారికి వేర్వేరు కవర్లలో పెట్టారు. పిల్లల కవర్లు మరుసటి రోజే పోస్టాఫీసుకు చేరాయి.