ఒక పెట్టె, రెండు కార్లు

కాబ్ ఆక్సెస్‌పోర్ట్ అరచేతిలో పట్టే పెట్టె. నా సుబారు డాష్‌బోర్డు కింద ఓబీడీ సాకెట్‌కి తగిలిస్తే ఇంజను కంప్యూటర్ ఈసీయూలోని టర్బో ఒత్తిడి, ఇంధనం, స్పార్క్ లెక్కలు తిరగరాసి, ఆ ఒక్క కారుకే ముడిపడుతుంది. ఇంకో కారుకి వాడాలంటే ముందు నా కారులో కంపెనీ లెక్కలు తిరిగి పెట్టాలి. పరకాయప్రవేశం చేసిన శంకరులకైనా అమరుక రాజు దేహం విడిస్తేనే కదా సొంత ఒళ్లు!

"డబ్బిచ్చి కొన్నాక ఇంకా తాళమేంటి బావా, విప్పించి ఇద్దరం వాడుకుందాం" అంటాడు బావమరిది. సగం నిజమే, పెట్టె నాది. లోపలి లెక్క మాత్రం ఇంకొకరి బుర్ర. వాళ్లు అమ్మింది ఒక్క ఇంజనుకి. పతంజలి యమాల్లోని అస్తేయం, అంటే దొంగిలించకపోవడం, చేతికందే వస్తువుకేనా? కాదనే నా పక్షం. నా కారులోంచి తీసేసి వాడికిస్తే తప్పులేదు, నాకు ఆ ఊపు పోతుంది గనక. రెండింట్లోనూ ఒకేసారి ఉంచుకోవడమే మింగుడుపడదు. వాడు దీన్ని పిసినారితనం అంటాడు.