కంఠము ఎవరి సొత్తు?

ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యముగారు 2020 సెప్టెంబరు 25న కీర్తిశేషులైరి. 2023లో వెలువడిన 'కీడా కోలా' చిత్రమున వారి కంఠమును కుటుంబము అనుమతి లేకుండ కృత్రిమ మేధచే పలికించిరని ఆరోపించుచు, వారి కుమారుడు చరణ్ గారు 2024లో చిత్ర నిర్మాతలకు నోటీసు పంపిరి. ఆ యేడే ఏ. ఆర్. రహమాన్ గారు 'లాల్ సలాం' కొరకు షాహుల్ హమీద్, బంబా బాక్యా అను దివంగతుల గొంతులను యంత్రముచే పాడించి, కుటుంబముల సమ్మతి పొందితిమనియు, ప్రతిఫలము నిచ్చితిమనియు ప్రకటించిరి.

ఈ రెండవ మార్గము మర్యాదగలది. ఆ గొంతులు మరల వినవలెనను ఆశ మనకును గలదు. అయినను వారసునకు సంక్రమించునది హక్కే కాని, గాయకుని మనస్సు కాదు. గాయకుని ఘనత పాడిన పాటలయందే కాదు, పాడనని త్రోసిపుచ్చిన పాటలయందును గలదు. యంత్రమునకు కాదనుట తెలియదు.

పాలమూరు సీమలో 12 మెట్ల కిన్నెర మీటుచు పాడి దర్శనం మొగులయ్యగారు 2022లో పద్మశ్రీ పొందిరి. అట్టి గాయకులను, బ్రదికియుండగనే, 'మీ తదనంతరము మీ గొంతు పాడవచ్చునా? ఏమి పాడరాదు?' అని యడిగి, వారి మాటను వ్రాసి యుంచుట మన ధర్మము. అడుగక పోగొట్టుకొన్న వారి విషయమున, వారు పాడి యుంచిన పాటలతోనే తృప్తిపడుట న్యాయము.