ఆసు పోసిన చెయ్యి ఏ విభాగంలోకి వస్తుంది?

పద్మ పురస్కారాల జాబితాలో ప్రతి పేరు పక్కనా ఒక చిన్న గడి ఉంటుంది. అందులో విభాగం పేరు రాస్తారు: కళలు, సమాజసేవ, వైద్యం, సాహిత్యం-విద్య, సైన్స్ అండ్ ఇంజనీరింగ్, ఇలా. జాబితా రాగానే మనం పేర్లు చూసుకుంటాం, మనవాళ్ళెవరున్నారో వెతుక్కుంటాం, ఆ గడి సంగతి పట్టించుకోం. నాకు మాత్రం కొంతకాలంగా ఆ గడే ఆసక్తిగా అనిపిస్తోంది.

2011లో గజం గోవర్ధనకి పద్మశ్రీ వచ్చింది, 2013లో గజం అంజయ్యకి. ఇద్దరిదీ పుట్టపాక. ఇద్దరూ నేతలో, ముఖ్యంగా తేలియా రుమాలు పనిలో నిష్ణాతులు. ఇద్దరి పేర్ల పక్కనా ఉన్న విభాగం కళలు. 2017లో చింతకింది మల్లేశంకి పద్మశ్రీ వచ్చింది. ఆయనది ఆలేరు దగ్గర శారాజీపేట. ఆసు యంత్రం కనిపెట్టారు. ఆయన పేరు పక్కన ఉన్నది సైన్స్ అండ్ ఇంజనీరింగ్. మూడు పేర్లూ పాత నల్లగొండ జిల్లావే, మూడూ ఒకే నేత సంప్రదాయం చుట్టూ తిరిగేవే. ఒక చీర, రెండు విభాగాలు. ఇంతవరకూ ఇబ్బంది లేదు, బట్ట వేరు, యంత్రం వేరు కదా అనుకోవచ్చు.

ఇబ్బంది ఎక్కడంటే, మల్లేశం యంత్రం కనిపెట్టడానికి కారణమైన మనిషి దగ్గర. ఆయన తల్లి లక్ష్మి. ఏళ్ళ తరబడి చేత్తో ఆసు పోసి భుజాలు, చేతులు నొప్పితో పడిపోయిన మనిషి. ఆమె చేసినది కళా? ఇంజనీరింగా? ఆ జాబితాలో ఆమెకి ఏ గడీ లేదు. ఆమెకే కాదు, పోచంపల్లి చుట్టుపక్కల ఊళ్ళలో ఆ పని చేసిన వేలమంది ఆడవాళ్ళలో ఎవరికీ లేదు. ఇది పురస్కారాల కమిటీ పొరపాటు అని నేను అనడం లేదు. మనం 'కళ' అనే మాటని ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపుతున్నాం అన్నది అసలు ప్రశ్న.

ముందు పనేమిటో చూద్దాం. చిటికి బట్టలో రంగు బట్టమీద వెయ్యరు, నూలుకే వేస్తారు. నెయ్యకముందే, ఏ పోగులో ఏ చోట ఏ రంగు రావాలో నిర్ణయించి, రంగు అంటకూడని చోట గట్టిగా కట్టి, అద్దకం వేసి, విప్పి, మళ్ళీ ఇంకోచోట కట్టి, ఇంకో రంగు వేసి, ఆ తర్వాత మగ్గం ఎక్కిస్తారు. నేసినప్పుడు పోగు పక్కన పోగు చేరి బొమ్మ తేలుతుంది. అంచుల్లో ఆ కాస్త చెదిరినట్టు, నీళ్ళలో నీడలా కనిపించేది అందుకే. ఇదంతా కుదరాలంటే పేక నూలు ముందుగా ఒక వరసలో అమరాలి. ఒకవైపు ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు. పోగుని ఇటునుంచి అటు, అటునుంచి ఇటు చుట్టుకుంటూ పోవాలి. అదే ఆసు పొయ్యడం. ఒక చీరకి చెయ్యి సుమారు 9 వేల సార్లు పోయి రావాలి, నాలుగైదు గంటలు పడుతుంది. దూరం మీటరు చొప్పున వేసుకున్నా పోను రాను కలిపి 18 కిలోమీటర్లు. హైదరాబాద్‌లో మాదాపూర్ నుంచి సికింద్రాబాద్ స్టేషన్‌కి వెళ్ళినంత దూరం, కూర్చున్నచోటు కదలకుండా, ఒక్క చేత్తో.

లెక్క తప్పితే? ఒక మేకుకి చుట్టు ఎక్కువైతే, ఇంకోదానికి తక్కువైతే, తర్వాత కట్టే కట్టు గురి తప్పుతుంది. రంగు పడాల్సిన చోట పడదు, మగ్గం మీద ఏనుగు తొండం విరిగిపోతుంది. అంటే బొమ్మ ఖచ్చితత్వం సగం ఇక్కడే, ఇంకా బొమ్మ పుట్టకముందే, నిర్ణయమైపోయింది.

కళకీ చేతిపనికీ తేడా చెప్పిన పాశ్చాత్యుల్లో ఆర్. జి. కాలింగ్‌వుడ్ పేరు ఎక్కువగా వినిపిస్తుంది. 1938లో వచ్చిన 'ద ప్రిన్సిపుల్స్ ఆఫ్ ఆర్ట్' పుస్తకంలో ఆయన వాదన స్థూలంగా ఇది: చేతిపనిలో చివరికి ఏం రావాలో ముందే తెలుసు, పని ఆ లక్ష్యానికి సాధనం మాత్రమే. కళలో అలాకాదు, చేస్తూ చేస్తూ ఉంటేనే తను చెప్పదలుచుకున్నదేమిటో కళాకారుడికి తెలుస్తుంది. వినడానికి బావుంటుంది. కానీ చిటికి నేతకి ఈ కొలబద్ద పెట్టి చూడండి. గ్రాఫు కాగితం మీద ప్రతి గడీ ముందే నిర్ణయమైపోయి ఉంటుంది. ఆ లెక్కన గోవర్ధన, అంజయ్యల పనీ కళ కాదు, మల్లేశం పనే కళ. ఎందుకంటే 1992లో మొదలుపెట్టి 1999లో యంత్రం పూర్తయ్యేదాకా, చివరికి అది ఎలా ఉండబోతోందో ఆయనకి తెలియదు! చేస్తూ, చెడగొడుతూ, మళ్ళీ చేస్తూనే తెలుసుకున్నారు. పద్మ జాబితా చెప్పినదానికి ఇది సరిగ్గా తలకిందులు.

మన వెనకటి మాటలు ఈ విషయంలో ఉదారంగా ఉండేవి. వాత్స్యాయనుడు చెప్పిన 64 కళల్లో సంగీతం, నాట్యంతోపాటు వంట, పూలదండలు కట్టడం, కుట్టుపని, వడ్రంగం కూడా ఉన్నాయి. శిల్పం అంటే రాతి విగ్రహమే కాదు, ఏ పనిలోనైనా నేర్పు. అంతమాత్రాన ఆ కాలంలో పనివాళ్ళకి గౌరవం దక్కిందని అనుకుంటే పొరపాటే. మాటల్లో ఉదారంగా ఉన్న సమాజమే మనుషుల్ని కులాల లెక్కన నిలబెట్టింది. కాబట్టి పాత నిర్వచనాన్ని తెచ్చి పెట్టుకుంటే సమస్య తీరదు. నిర్వచనం ఒకటి, పేరు ఎవరికి రాస్తాం అన్నది మరొకటి.

ఈ రెండోదాని మీద మూడు రకాల వాదనలు వినిపిస్తుంటాయి.

మొదటిది: పురస్కారం ఊహకి ఇస్తారు గానీ శ్రమకి కాదు. డిజైన్ ఆలోచించినవాడు కళాకారుడు, మిగతావాళ్ళు సహాయకులు. మా సాఫ్ట్‌వేర్ రంగంలో ఈ వాదన బాగా చెల్లుతుంది. ప్రోడక్టు డెమోలో మాట్లాడే మనిషి ఒకరు, రాత్రంతా సర్వర్లు కాపాడిన మనిషి ఇంకొకరు. అయితే మా దగ్గర కనీసం గిట్ అనేది ఒకటుంది. ఎవరు ఏ లైను మార్చారో, ఎప్పుడు మార్చారో పేరుతో సహా నమోదవుతుంది. స్టేజీ మీద చప్పట్లు ఒకరికే వచ్చినా రికార్డులో అందరూ ఉంటారు. చీరకి అలాంటి రికార్డు లేదు. ఆసు పోసిన పేరు కట్టు కట్టేసరికే చెరిగిపోతుంది, కట్టిన పేరు నేసేసరికి, నేసిన పేరు షోరూముకి చేరేసరికి. ఇక ఊహ, శ్రమ అంత తేలిగ్గా విడదీయగలిగినవా అన్నది మరో సంగతి. తేలియా రుమాలు సంగతే చూడండి. నూలుని నూనెలో, ఆముదపు కాయల బూడిదలో రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెడితేనే ఆ ఎరుపు నిలుస్తుంది. ఆ పిసకడం శ్రమా, ఊహా? ఎప్పుడు చాలో చేతికే తెలుస్తుంది. చేతికి తెలిసినదాన్ని జ్ఞానం అనకపోతే ఇంకేమనాలి?

రెండో వాదన: ఒక్కరికి ఇచ్చినా అందరికీ ఇచ్చినట్టే, ఆ మనిషి ప్రతినిధి. ఇందులో నిజం లేకపోలేదు. గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ వస్తే శ్రీకాళహస్తి కలంకారీ గురించి, దళవాయి చలపతిరావుకి 2020లో వస్తే నిమ్మలకుంట తోలుబొమ్మల గురించి, సి. వి. రాజుకి 2023లో వస్తే ఏటికొప్పాక లక్కబొమ్మల గురించి దేశం మాట్లాడింది. పేరున్న మనిషి ఒకరుంటే ఆ ఊరికి దారి తెలుస్తుంది, ఆర్డర్లొస్తాయి, పిల్లలు ఈ పని వదలకుండా ఉండటానికి ఒక కారణం దొరుకుతుంది. దీన్ని తీసిపారెయ్యలేం. కానీ ప్రతినిధి అన్నప్పుడు ఒక షరతు ఉంటుంది. అతను ఎవరి తరఫున నిలబడ్డాడో వాళ్ళ ముఖం అతని వెనక కనిపించాలి. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో సుమారు 35 లక్షల మంది చేనేత కార్మికులున్నారు. పదిమందిలో ఏడుగురికి పైగా ఆడవాళ్ళే. మరి తెలుగునాట నేత అనగానే గుర్తొచ్చే పద్మ గ్రహీతల పేర్లు చెప్పమంటే మనం చెప్పేవన్నీ మగవాళ్ళ పేర్లే. ఆసు పొయ్యడం, కండెలు చుట్టడం లాంటివి 'ఇంటి ఆడవాళ్ళు చేసే సాయం' కింద జమ. సాయం అన్నాక దానికి కూలీ ఉండదు, కూలీ లేనిదానికి పేరు ఎలా ఉంటుంది?

మూడో వాదన: వ్యక్తులకి కాదు, ఊరికి ఇవ్వండి. ఇదీ జరిగింది. పోచంపల్లి ఇక్కత్‌కి భౌగోళిక గుర్తింపు ఉంది, పుట్టపాక తేలియా రుమాలుకి 2020లో వచ్చింది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ పోచంపల్లిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంచింది. మంచిదే. కానీ భౌగోళిక గుర్తింపు కాపాడేది పేరుని. నకలు సరుకు ఆ పేరుతో అమ్మకుండా ఆపడానికి చట్టం ఒక ఆధారం ఇస్తుంది, అంతవరకే. ఊరి పేరు లోపల ఎవరు ఎంత పని చేశారో, ఎవరికి ఎంత అందిందో అది అడగదు. ఒక్కరి పేరు పెడితే మిగతావాళ్ళు మాయమవుతారు, ఊరి పేరు పెడితే అందరూ ఒకేసారి మాయమవుతారు!

మరి దారేదీ అంటే, మనకి బాగా తెలిసిన చోటే ఒకటుంది. సినిమా. 24 క్రాఫ్ట్స్ అని మనమే గొప్పగా చెప్పుకుంటాం. జాతీయ సినిమా పురస్కారాలు మొదలైన కొత్తలో సినిమాకే ఇచ్చేవాళ్ళు. నటులకీ, సాంకేతిక నిపుణులకీ విడిగా ఇవ్వడం 1967 సినిమాలతో మొదలైంది. ఎడిటింగ్, శబ్దం, దుస్తులు, ఇలా ఒక్కో పనికీ పేరు వచ్చింది. ఎడిటర్‌కి బహుమతి ఇస్తే దర్శకుడి పరువేం తగ్గలేదు. పదిమంది కలిసి చేసే కళని పదిమంది పనిగా గుర్తించడం సాధ్యమేనని మనం రుజువు చేసుకున్నాం, కాకపోతే తెర ఉన్నచోట మాత్రమే. మగ్గానికి అదే మర్యాద ఇవ్వడానికి అడ్డమేమిటి? చీర మీద వేలాడే ట్యాగులో ఆసు, కట్టు, అద్దకం, నేత అని నాలుగు పేర్లు రాయడానికి పట్టే ఖర్చెంత?

ఇక్కడ ఒక ఎదురు ప్రశ్న రావాలి, వస్తుంది కూడా. 'ఆసు పొయ్యడం అంత గొప్ప నేర్పయితే, దాన్ని యంత్రానికి అప్పజెప్పినప్పుడు కళలో ఏదో పోవాలి కదా? పోలేదే!' నిజమే. గంటన్నరలో ఆసు పోసిన చీరకీ, అయిదు గంటలు చేత్తో పోసిన చీరకీ తేడా కొనేవాళ్ళకి తెలియదు. చట్టం దృష్టిలోనూ అది చేనేతే, ఎందుకంటే మగ్గం మరమగ్గం కాలేదు కాబట్టి. అలాంటప్పుడు ఆ చేతిపని వట్టి యాంత్రికమే కదా, దానికి గుర్తింపెందుకు?

నాకు తోచిన జవాబు ఇది. యంత్రం చెయ్యగలిగింది కాబట్టి అది నేర్పు కాదు అనడం తర్కం కాదు. లెక్కలు కంప్యూటర్ చేస్తుంది, అయినా రామానుజన్ గొప్పతనం తగ్గలేదు. పైగా ఇక్కడ యంత్రం నేర్చుకున్నది ఎవరి దగ్గర? ఆ కదలికని ఏళ్ళకేళ్ళు చేసి, ఎక్కడ పోగు బిగించాలో ఎక్కడ వదలాలో శరీరంలో దాచుకున్న ఆడవాళ్ళ దగ్గరే. మల్లేశం మేధని తక్కువ చెయ్యడం కాదిది. ఆయనే ఆ యంత్రానికి లక్ష్మి అని తల్లి పేరు పెట్టారు. ఆయన మీద 2019లో సినిమా వచ్చింది, అందులోనూ కథ మొదలయ్యేది అమ్మ నొప్పి దగ్గరే. ఆసు పోసే ఆడవాళ్ళకి దక్కిన అతి పెద్ద గుర్తింపు ఒక యంత్రం పేరులో ఉంది. దేశం వాళ్ళ శ్రమని, అది అవసరం లేకుండా పోయే మార్గం దొరికాకే చూడగలిగింది.

ఇంకోవైపు జారిపోకుండా కూడా జాగ్రత్తపడాలి. చేత్తో చేసినదానికే విలువ, నొప్పిలోనే అందం అనే రకం ప్రేమ ఒకటుంది. నగరాల్లో ఎగ్జిబిషన్లకి వెళ్ళి చేనేత కొనే మనలాంటివాళ్ళకి అది తేలిగ్గా అంటుకుంటుంది. ఆసు యంత్రం రాకూడదనీ, ఆ భుజాలు అలాగే అరిగిపోవాలనీ కోరుకునే హక్కు మనకి లేదు. నొప్పిని తీసెయ్యడమే న్యాయం. అయితే నొప్పితోపాటు మనిషినీ తీసెయ్యడం అన్యాయం. ఈ రెండిటికీ మధ్య గీత గియ్యడం కష్టమేం కాదు, గియ్యాలని అనుకోకపోవడమే ఇన్నాళ్ళ అలవాటు.

తెలుగులో ఒక నుడికారం ఉంది, ఊరికే అటూ ఇటూ తిరిగేవాళ్ళని 'ఆసులో కండెలా తిరుగుతున్నాడు' అంటాం. ఆసు అంటే ఏమిటో తెలియనివాళ్ళు కూడా అంటారు. భాష ఆసుని గుర్తుపెట్టుకుంది, కండెని గుర్తుపెట్టుకుంది. ఆ కండెని తిప్పిన చెయ్యి ఎవరిదో మాత్రం ఆ నుడికారంలోనూ లేదు.