దోషము లేదను పత్రము

మనుష్యుడు తాను చేసిన పనిని ఋజువు చేయుట సులభము; చేయని పనిని చేయలేదని ఋజువు చేయుట దుర్లభము. బావి త్రవ్వినవాడు బావిని చూపును. దొంగతనము చేయనివాడు దేనిని చూపవలెను? ఈ చిక్కును తీర్చుటకై నేటి రాజ్యములు ఒక పత్రమును కల్పించినవి. ఫలానావానిమీద నేరమేదియు మా పుస్తకములలో వ్రాయబడి యుండలేదని, పోలీసుల విచారణ ననుసరించి ప్రభుత్వమువారు వ్రాసి యిచ్చు కాగితమది. దానినే జనులు పోలీసు క్లియరెన్సు సర్టిఫికెట్టని పిలుచుచున్నారు. ఆ కాగితము ఎక్కడనో జారిపోయినను, తడిసి చినిగినను, దాని యజమానికి నిజముగా పోయినదేమి? ఆ నష్టమును భరింపవలసినవా రెవరు? ఈ ప్రశ్నలు చిన్నవిగా కనబడును గాని, ప్రజకును ప్రభుత్వమునకును గల సంబంధమంతయు వీనిలో ఇమిడి యున్నదని మా యభిప్రాయము.

విజయవాడలోని ఆటోనగరును ఎరుగని లారీ యజమాని తెలుగుదేశమున అరుదు. ఇంజను విప్పువారు, లేతు మిషనుపై పనిచేయువారు, కమాను పట్టీలు కట్టువారు, వెల్డింగు చేయువారు, లారీకి బాడీ కట్టువారు, రంగు వేయువారు, తుక్కు తూచువారు అక్కడ వేలకొలది కలరు. పిన్నవయసుననే మేస్త్రీ క్రింద చేరి, పానాలు అందించుచు, తిట్లు తినుచు నేర్చుకొన్న విద్యయే వారిలో పెక్కుమందికి ఆస్తి. అట్టివారిలో కొందరు కువైటునకో, దుబాయికో, ఓమానునకో పోయి, ఆ విద్యకే ఎక్కువ వెల తెచ్చుకొని, అప్పులు తీర్చి, చెల్లెండ్ర పెండ్లిండ్లు చేయ నాశింతురు. పదిదినములు విహరించి వచ్చు ధనికునకు ఈ పత్రముతో పనిలేదు. పరదేశమున ఉద్యోగమునకో, నివాసమునకో, దీర్ఘకాలపు వీసాకో పోవువానికే ఇది కావలెను. కావున దీనిని పోగొట్టుకొనువాడు సామాన్యముగా పోగొట్టుకొనుటకు మరేమియు లేనివాడు.

ఇది లభించు విధమును కొంచెము చూతము. దరఖాస్తును పాస్‌పోర్టు శాఖవారికి పెట్టుకొనవలెను. రుసుము 500 రూపాయలు. దరఖాస్తుదారు నివసించు చోటి పోలీసులు విచారించి నివేదిక పంపుదురు; ఆ మీదట పత్రము వచ్చును. 2022 సెప్టెంబరు 28 మొదలు తపాలా కార్యాలయములలోని పాస్‌పోర్టు సేవా కేంద్రములలో సైతము ఈ దరఖాస్తును తీసికొనుచున్నారు. ఇది మెచ్చదగిన సంస్కరణము. అయితే పత్రము చేతికి వచ్చుటతో పని ముగియదు. పరదేశీయులు దానిని నమ్మవలెనన్న దానిపై ముద్రలు పడవలెను. 2005లో మనదేశము హేగు ఒడంబడికలో చేరినందున, అందు చేరిన దేశములకు అపోస్టిల్ అనెడి ఒక్క ముద్ర చాలును. చేరని దేశములకైనచో ఆ దేశపు రాయబార కార్యాలయపు ముద్రకూడ కావలెను. ప్రతి ముద్రకును సొమ్ము, ప్రతి ముద్రకును దినములు. తుదకు ఆ కాగితపు వెల, ప్రభుత్వము తీసికొన్న రుసుముకంటె పెక్కు రెట్లగును.

ఇప్పుడా కాగితము పోయినదనుకొందము. పోవుటకు అజాగ్రత్తయే కారణము కానక్కరలేదు. 2024 సెప్టెంబరు తొలిదినములలో బుడమేరు పొంగి సింగునగరు మొదలగు పేటలను ముంచినపుడును, ప్రకాశము బారేజీనుండి 11 లక్షల క్యూసెక్కులకు మించిన నీరు క్రిందికి పోయినపుడును, ఇండ్లలోని బియ్యముతోపాటు పెట్టెలలోని కాగితములును నానిపోయినవి. వరదలో ప్రాణములు దక్కించుకొన్నవానిని కాగితము లేల దక్కించుకొనలేదని అడుగుట ధర్మమా? అయినను వీసా గడువు వరదను లెక్కపెట్టదు. పోయిన పత్రమునకు బదులు కావలెనన్నచో, నకలుకొరకు ఎదురుచూచుటకంటె మరల దరఖాస్తు పెట్టుకొనుటయే సాధారణమైన మార్గము. మరల రుసుము, మరల విచారణ, మరల ముద్రలు. నడుమ అద్దె యిల్లు మారెనేని క్రొత్త చిరునామాకు ఋజువులు వెదకుట మరియొక ప్రయాస.

దీనికి ప్రభుత్వపక్షమున చెప్పదగిన సమాధానము లేకపోలేదు. దానిని న్యాయముగా వినవలెను. ఆస్తి దస్తావేజునకు నకలు ఇయ్యవచ్చును. ఏలయనగా, జరిగిపోయిన క్రయవిక్రయములు మారవు. ఈ పత్రమట్టిది కాదు. ఇది వ్రాయబడిన దినమువరకే మాటాడును. నిన్నటివరకు నేరము లేనివాడు నేడు చేసి యుండవచ్చును గదా! పాత పత్రపు నకలు పాత దినమునకే సాక్ష్యమగును. అందుచేత క్రొత్త విచారణ చేసి క్రొత్త పత్రము నిచ్చుటయే సత్యమునకు దగ్గరగా నుండునని వారందురు. ఈ వాదములో బలము కలదు. కాని దీనినుండియే మరియొకటి తేలుచున్నది. ఈ పత్రము మనుష్యుని గుణమును గూర్చి చెప్పునది కానేరదు. గుణము కాగితముపై తేది వేసినంతమాత్రమున ఆ దినముతో ముగియదు. ఇది చెప్పునదెల్ల ఒక పుస్తకము ఒక దినమున మౌనముగా నున్నదని మాత్రమే.

మౌనము రెండు విధములుగా కలుగును. పట్టుబడని దొంగను గూర్చియు పుస్తకము మౌనముగనే యుండును. పొరుగువానితో గట్టు తగాదాపడి, పగవాడు పెట్టిన కేసులో పేరెక్కిన నిర్దోషిని గూర్చి అది మౌనముగా నుండదు. 1967నాటి పాస్‌పోర్టు చట్టము క్రిమినలు కేసు కోర్టులో నడుచుచున్నవానికి పాస్‌పోర్టు నిరాకరింపవలెనన్నది. ఆ కోర్టు అనుమతి యున్నచో ఇయ్యవచ్చునని 1993లో ప్రభుత్వము సడలించినది. ఆ సడలింపునకు మూలమైన ధర్మము గొప్పది: నింద వేరు, నేరము వేరు. ఆ భేదమును కోర్టు గుర్తించును. అయినను కాగితమును చూచి కూలి నిర్ణయించు యజమాని గుర్తించునా?

పుస్తకము నిర్దోషియని నమ్మువారు కృష్ణయొడ్డుననే జరిగిన చరిత్రను స్మరింపవలెను. 1871లో ఆంగ్లప్రభుత్వము నేరస్థ జాతుల చట్టమును చేసినది. 1911లో అది మద్రాసు రాజధానికి వ్యాపించినది. దానివలన కొన్ని జాతులవారు పుట్టుకచేతనే నేరస్థులని వ్రాయబడిరి. వారి వ్రేలిముద్రలు తీసికొనిరి. వేళకు ఠాణాలో హాజరు చెప్పుమనిరి. ఊరు విడువవలెనన్న అనుమతి చీటీ తెచ్చుకొమ్మనిరి. విజయవాడ కెదుటి యొడ్డుననున్న సీతానగరమునందును, బాపట్ల సమీపమున స్టూవర్టుపురమునందును సాల్వేషన్ ఆర్మీవారి నిర్వహణలో ఎరుకలవారి సెటిల్మెంట్లు వెలసినవి. మద్రాసు రాజధానిలో ఆ చట్టము 1947లోను, దేశమంతట 1952లోను రద్దయినది. చట్టము పోయినను పేరుపై పడిన మచ్చ తరములు వెంటాడినది. ఆనాడు తాను దొంగ కాడని ఋజువు చేసికొనుటకు ఒక ఎరుకలవానికి మార్గమే లేకుండెను. ఏలయనగా పుస్తకము వానికంటె ముందుగనే మాటాడెను.

దక్షిణాఫ్రికాలో మరియొకటి జరిగినది. ట్రాన్స్‌వాలు ప్రభుత్వము భారతీయులందరు రిజిస్ట్రేషను పత్రములు పొందవలెనని శాసించినపుడు, గాంధీగారి నాయకత్వమున వారు 1908 ఆగస్టు 16వ తేదీన జొహానెస్‌బర్గులోని మసీదు ఆవరణమున రెండువేలకు పైబడిన పత్రములను అగ్నికి ఆహుతి చేసిరి. వారు తగులబెట్టినది అవమానమును. మన ఆటోనగరు పనివాడు పోగొట్టుకొన్నది అన్నమునకు దారి. ఆ పత్రమును వారిమీద రుద్దిరి. ఈ పత్రమును ఇతడు వెదకికొనుచున్నాడు. అయినను రెంటియందును సమానమైనది యొకటి కలదు. కాగితము లేనివానిని ముందుగా శంకించుట, వాని మాటను వెనుకకు నెట్టుట.

ఈ శంకనుండియే యొక గొప్ప కీడు పుట్టుచున్నది. గడువు సమీపించినపుడు, దళారి యొకడు వచ్చి, పాతదాని ఛాయాప్రతి నిమ్ము, రెండుదినములలో అచ్చముగా అట్టిదే చేయించి యిత్తునని చెవిలో చెప్పును. అప్పులో మునిగినవానికి ఆ మాట అమృతమువలె వినబడును. వాడు ఒప్పుకొన్న క్షణమున ఏమి జరిగినది? జన్మములో నేరము చేయనివాడు, తాను నేరము చేయలేదని చూపుటకై మొదటి నేరము చేసినాడు! 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహితయు దొంగపత్రము పుట్టించుటను, తెలిసి వాడుటను శిక్షార్హములనియే చెప్పుచున్నది. ఇక పుస్తకము మౌనముగా నుండదు. ఈ పతనమునకు బాధ్యత వానిదే యనుట సత్యము; వానిదొక్కనిదే యనుట మాత్రము సత్యము కాదు. మంచి మార్గమును పొడవుగాను, చెడ్డ మార్గమును పొట్టిగాను ఉంచినవారికి అందులో భాగము లేదా?

అట్లయిన పత్రమునే తీసివేయుమందుమా? అనము. తన యింట కాపలా పెట్టుకొనువాడు వాని పూర్వమును విచారించుట తప్పు కాదు, పరదేశమును అట్లడుగవచ్చును. మేము కోరునది స్వల్పము. చేయని నేరమును చేయలేదని చెప్పగల సాక్ష్యము ప్రభుత్వముచేతిలోని పుస్తకమొక్కటే. ఆ పుస్తకమును పేదవాడు వ్రాయలేదు, దాచలేదు, తెరవలేడు. సాక్ష్యమెవరి స్వాధీనమున నున్నదో, దానిని మరల చెప్పు భారము వారిదే కావలెను. పత్రము పోయెనని వచ్చినవానిని అనుమానితునిగా గాక, తన సొత్తు అడుగవచ్చిన పౌరునిగా చూడవలెను. ఇచ్చి కొలదిదినములే అయినపుడు పూర్వవిచారణనే ఆధారముగా గొని త్వరలో క్రొత్తది ఇయ్యవలెను. వరదవంటి ఉపద్రవమున నష్టపడినవారిని రుసుమునుండి విడువవలెను. వచ్చిన పోలీసువానికి మామూలు చెల్లింపవలెనను దురాచార మెక్కడ నున్నను దానిని వేళ్లతో పెరికివేయవలెను. నిర్దోషియని వ్రాయుటకు లంచ మడుగుటకంటె విపరీత మేది?

పనివారికిని కర్తవ్యము కలదు. ఫైలు సంఖ్యను వేరొకచోట వ్రాసి యుంచవలెను. పత్రమునకు ఛాయాప్రతులు తీసి ఇంటనొకటి, నమ్మినవారియొద్ద నొకటి పెట్టవలెను. ముద్రలు పడకముందే ప్లాస్టికు పొర వేయించిన ముద్రకు చోటుండదని తెలియవలెను. మూలపత్రమును దళారిచేతిలో పెట్టి రాకూడదు. మేస్త్రీలును సంఘములును, చదువురాని కుఱ్ఱవానికి దరఖాస్తు నింపిపెట్టు పాటి ఉపకారమును పుణ్యముగా భావింపవలెను.

ఆటోనగరులో లక్షల విలువగల లారీని దాని యజమాని రాత్రి షెడ్డులో విడిచి, తాళపుచెవి మెకానికు చేతిలో పెట్టి, ఇంటికి పోయి నిద్రించును. అతడు ఆ మెకానికును సర్టిఫికెట్టు అడుగడు. పదియేండ్లుగా చూచుచున్న చేతిని నమ్మును. చూచి యెరిగినవారి నమ్మకమునకు కాగితము సాటిరాదు. చూడనివారికొరకే కాగితము పుట్టినది. దూరమున నున్నవారికి మన మాటను చేరవేయుటయే దాని పని. మాటను మోసిన కాగితము దారిలో పోయినచో, మాట యిచ్చినవారు దానిని మరల చెప్పవలెను. మాట సత్యమైనపుడు రెండవమారు చెప్పుటకు సందేహమేల?